పదకొండో నిమిషం

నాలుగు దాటి ఐదు నిమిషాలైంది. గాజు గదిలోంచి సార్ నా వైపు చూసి రెండు వేళ్ళు చూపించారు. రెండు నిమిషాలని అర్థం. ఆ రెండు వేళ్ళను నేను పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను, అవి ఒకసారి రెండు గంటలయ్యాయి, ఒకసారి రెండు వారాలయ్యాయి, ఒక్కసారి కూడా రెండు నిమిషాలు కాలేదు, అయినా ఆయన మీద కోపం రాదు, ఎందుకంటే చూపించే ఆ క్షణంలో ఆయన మనస్ఫూర్తిగా రెండు నిమిషాలనే నమ్ముతారు, మొహం చూస్తే తెలిసిపోతుంది. తల ఊపి, బయట కుర్చీలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద ఒక ఫారం. నలభై ఒక్క గళ్ళు. నలభై నిండాయి. ఆఖరి గడి సార్‌ది, ఆయన తన కంప్యూటర్‌లో తెరిచి ఆమోదం అని నొక్కాలి. ఐదింటిలోపు నొక్కితే నేను రాసిన ఇరవై మూడు లైన్లు మా సాఫ్ట్‌వేర్ వాడే ఆసుపత్రులన్నిటికీ ఇవాళే వెళ్ళిపోతాయి. ఐదు దాటితే మళ్ళీ మూడు నెలలకు. మూడు నెలలంటే మా ఆఫీసులో ఒక ఆవలింతతో సమానం, కానీ అక్క వచ్చే నెలాఖరుకి రిటైరైపోతోంది.

లోపల పదకొండు మంది ఉన్నారు. మీటింగులు తగ్గించుకోవడం ఎలా అన్నదాని మీద మీటింగు. ఇది మూడోది, మొదటి రెండింటిలో తేలలేదు. వాళ్ళందరినీ ఎరుగుదును, ఒక్కొక్కరూ బంగారం లాంటి మనుషులు, కాఫీ యంత్రం దగ్గర దొరకబుచ్చుకుని అడిగితే ఏ సంగతైనా అరనిమిషంలో తేల్చేస్తారు, అదే అందరినీ ఒక గదిలో పెట్టి తలుపు వేస్తే ఎవరి నోటి నుంచీ అవునని గానీ కాదని గానీ రాదు. పొద్దున్న మాకు నిలబడే మీటింగు ఒకటి ఉంటుంది. కూర్చుంటే సాగదీస్తామని నిలబెట్టారు, పావుగంట అన్నారు, అది ముప్పావుగంట అయ్యేసరికి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుర్చీలు తెచ్చుకున్నారు, తర్వాత నొప్పులు లేనివాళ్ళూ తెచ్చుకున్నారు, ఇప్పుడు నిలబడే మీటింగులో నిలబడేది తెల్లబోర్డు ఒక్కటే. నిన్న చేసింది ఆ బోర్డు మీద రాయాలి, అదే పట్టికలో ఎక్కించాలి, అదే శుక్రవారం పెద్దవాళ్ళకి రంగురంగుల గీతల్లో చూపించాలి, మూడుచోట్లా ఒకేలా ఉందో లేదో చూడటానికి ఇంకో మనిషి, ఆ మనిషి ఎంత మంచివాడంటే తేడా కనిపిస్తే మనల్ని ఇబ్బంది పెట్టకుండా తనే మూడోచోట కూడా తప్పుగా మార్చేసి సరిపెట్టేస్తాడు. ఎవరో లోపల నవ్వారు. సార్ కూడా నవ్వారు. నాలుగూ పన్నెండు.

అక్క వార్డులో నర్సు. అందరికీ సిస్టర్, నాకు అక్క. నాకంటే పదిహేడేళ్ళు పెద్ద. అమ్మ పోయేటప్పటికి నాకు ఆరేళ్ళు, అప్పటి నుంచి బడి వదలగానే సరాసరి ఆసుపత్రికి వెళ్ళేదాన్ని, నర్సుల గదిలో బల్ల కింద కూర్చుని ఎక్కాలు రాసుకునేదాన్ని, తీరిక దొరికితే అక్క వచ్చి నా జడ విప్పి మళ్ళీ అల్లేది, అల్లుతూనే పెదాలు కదుపుతూ ఏ మంచానికి ఏ మందో అప్పజెప్పుకునేది, అందుకే నాకు చిన్నప్పుడు మందుల పేర్లే పాటలు. ఎవరైనా పిలిస్తే జడ సగంలో వదిలేసి పరిగెత్తేది. ఆ సగం జడ పట్టుకుని నేను అలాగే కూర్చునేదాన్ని, ఊడిపోకుండా. తిరిగొచ్చి ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే అల్లేది. అప్పట్లో వార్డు నోట్సు కాగితం మీద రాసేవాళ్ళు. అక్క రాత ఎంత విడమరిచినట్టు ఉండేదంటే, డాక్టర్లు తాము నిన్న ఏం రాశారో తెలుసుకోవడానికి అక్క రాసింది చూసేవారు.

రెండేళ్ళ కిందట వాళ్ళ ఆసుపత్రికి కంప్యూటర్లు వచ్చాయి, కంప్యూటర్లలో మా సాఫ్ట్‌వేర్ వచ్చింది. మొదటిరోజు అక్క చెప్పులు కూడా విప్పకుండా చెప్పింది, "మీ కంపెనీ బొమ్మ కనపడిందే తెర మీద! అందరికీ చూపించాను, మా చెల్లి చేసిందని." రెండోరోజు మెల్లిగా చెప్పులు విప్పుకుని, కూర్చుని, "ఒసేయ్, రాసిందంతా పోయిందే," అంది. సగం రాశాక ఎవరో పిలిచారు, వెళ్ళి వచ్చేసరికి తెర మూసుకుపోయి ఉంది, మళ్ళీ తెరిస్తే అంతా ఖాళీ. పది నిమిషాలు ముట్టుకోకపోతే అలా అవుతుంది. తెర మూసుకోవడం మంచిదే, పేషెంట్ సంగతులు దారినపోయేవాళ్ళు చదవకూడదు. రాసింది పోవడం ఎందుకు? అక్క అడిగింది అదే. "మూస్తే మూశారు, తుడవడం దేనికే? నేను తలుపేసుకుని బయటికెళ్తే ఇంట్లో సామాను ఎవరైనా అవతల పారేస్తారా? మీ ఆఫీసులో ఆ పని చేసిన మహానుభావుడెవరో గానీ, వాడి చేత ఒక్కరోజు నా డ్యూటీ చేయించాలి." నేను పళ్ళెంలోకి చూస్తూ తింటున్నాను. మహానుభావుడు కాదు. మహానుభావురాలు. అక్కకి ఎదురుగానే కూర్చుని తింటోంది.

అది రాసినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఉద్యోగంలో చేరి పదకొండు రోజులైంది. ఇప్పుడు గాజు గదిలో కూర్చున్న సార్ అప్పుడు సార్ కాదు, పక్క కుర్చీలో సీనియర్, జుట్టు నిండుగా ఉండేది, పెన్ను మూత కొరికే అలవాటు అప్పుడూ ఉంది. పది నిమిషాలు దాటితే రాసినదాన్ని ఏం చెయ్యమంటారని అడిగాను. ఆయన మూత నోట్లోంచి తియ్యకుండానే, "ఏముంది, తుడిచెయ్. తర్వాత చూద్దాం," అన్నారు. తుడిచేశాను. ఒక్క లైను. నేను రాసిన లైను లోకంలోకి వెళ్ళడం అదే మొదలు, ఆ సాయంత్రం ఇంటికి గాల్లో తేలుతూ వెళ్ళాను, అక్క నా కోసం ఆ రోజు సెలవు పెట్టింది. తర్వాత చూద్దామన్నది మాత్రం ఎవరూ చూడలేదు. ఆయన పెద్దవారయ్యారు, ఆ మాట ఆయనకు పేరుగా స్థిరపడింది, చాటుగా అందరం తర్వాత సార్ అనే అంటాం, ఒకసారి నేను నోరు జారి ఎదురుగానే అనేస్తే ఆయన అటూ ఇటూ చూసి, "బానే ఉంది, కానీ ఈ పేరు సంగతి తర్వాత చూద్దాం," అన్నారు. అలాంటి మనిషిని ఎలా కోప్పడతారు.

సరిచెయ్యడం కష్టం కాదు, ఒక మధ్యాహ్నం పని. ఆ మధ్యాహ్నం దొరకడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఏ పనైనా ముందుకు రావాలంటే దాని మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో చూస్తారు. దీని మీద వచ్చినవి సున్నా. ఎందుకు సున్నా అంటే, ఫిర్యాదు రాసే పేజీ కూడా పది నిమిషాలకు తుడిచేసుకుంటుంది. వార్డులో నర్సు ఫిర్యాదు మొదలుపెట్టి, ఎవరో పిలిస్తే వెళ్ళి, వచ్చి ఖాళీ తెర చూసి, నమస్కారం పెట్టి లేచిపోతుంది. సున్నా కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదని తేల్చారు. అక్క చెప్పింది కదా అంటే, అక్క అనే గడి ఫారంలో లేదు. ఆ తర్వాత ఫారాలు ఉంచే చోటు మారింది, పాతచోటు నుంచి కొత్తచోటుకి మోసుకెళ్ళడంలో నాలుగు నెలలు, కొత్తచోట దాని నంబరు మారింది, పాత నంబరుతో అడిగితే అలాంటిదేం లేదన్నారు, కొత్త నంబరు చెప్పడానికి పాత నంబరు అడిగారు. ఇవన్నీ నిజమే. ఇవన్నీ అక్కకి చెప్పుకుని నవ్వించాను కూడా. చెప్పనిది ఒకటుంది. పదిహేడో గడి: దీన్ని మొదట రాసింది ఎవరు? నేను తెలియదు అని రాశాను. తెలియదు అని రాస్తే ఫారం ఇంకో విభాగానికి వెళ్తుంది, ఎవరు రాశారో కనిపెట్టడం వాళ్ళ పని, ఉన్నది ఇద్దరు, ఒకరు ప్రసూతి సెలవులో ఉన్నారు. ఐదు నెలలు అక్కడే కూర్చుంది. నేనే అని రాసి ఉంటే ఆ ఐదు నెలలు మిగిలేవి. ఐదు నెలల పాటు అక్క రోజూ డ్యూటీ అయ్యాక గంటసేపు ఆగి, పోయిన నోట్సు మళ్ళీ కొట్టింది. పోతాయని ముందే అరచేతిలో పెన్నుతో గుర్తులు రాసుకునేది, ఇంటికొచ్చి సబ్బుతో రుద్దుకునేది, పూర్తిగా పోయేది కాదు, నా పక్కన పడుకున్నప్పుడు ఆ చేతి మీద ఎవరిదో జ్వరం అంకె నీలంగా కనిపించేది.

అక్క తిట్టినన్నాళ్ళూ బాగానే ఉంది. మూడు వారాల కిందట ఆపేసింది. ఆలస్యంగా వచ్చింది, మళ్ళీ పోయాయా అని నేనే అడిగాను, "పోతే పోయాయిలే, ఇంకెన్నాళ్ళు, రెండు నెలలేగా," అని పక్కకి తిరిగి పడుకుంది. ఆ మాట నాకు మింగుడు పడలేదు. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకొచ్చి పదిహేడో గడిలో తెలియదు కొట్టేసి నా ఉద్యోగి నంబరు రాశాను. అంతే, ఫారానికి రెక్కలొచ్చాయి, మూడు వారాల్లో నాలుగు ఆమోదాలు.

"ఇంకా రాలేదా?" అంటూ అనుమానం అని మేం పిలిచే కుర్రాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. మా టెస్టర్. నేను రాసిన ప్రతిదాన్నీ విరగ్గొట్టి చూడటం అతని ఉద్యోగం, దేన్నీ నమ్మడు కాబట్టి ఆ పేరు, పిలిస్తే పలుకుతాడు. ఈ ఇరవై మూడు లైన్ల కోసం నాలుగు రోజులు మెట్లెక్కి దిగాడు: సగం రాసి, లేచి, ఆరు అంతస్తులు ఎక్కి దిగి వస్తే సరిగ్గా పదకొండు నిమిషాలు. గడియారం పెట్టుకుని కూర్చోవచ్చు కదా అంటే, నర్సులు కూర్చోరు కదక్కా అన్నాడు.

"రెండు వేళ్ళు చూపించారు," అన్నాను.

"అయితే కాఫీ తెస్తాను."

నాలుగూ ముప్పై ఒకటికి తలుపు తెరుచుకుంది. మీటింగులు తగ్గించడానికి వారానికోసారి కలవాలని తీర్మానించారు. సార్ చెమట తుడుచుకుంటూ వచ్చి నా పక్కనే కూర్చుని తన కంప్యూటర్ తెరిచి ఫారం మొత్తం చదివారు, నలభై గళ్ళూ, పదిహేడో దగ్గర ఆగి నా వైపు చూశారు.

"నువ్వా రాసింది?"

"మీరే చెప్పారు సార్. తుడిచెయ్, తర్వాత చూద్దామని."

ఆయన పెన్ను మూత కోసం జేబు తడుముకున్నారు. ఆఖరి గడిలో ఆమోదానికి కారణం రాయాలి, రెండు వందల అక్షరాలకు తగ్గకూడదు, తగ్గితే తీసుకోదు. ఆయన పద్ధతైన మనిషి, నెమ్మదిగా, చక్కటి వాక్యాలతో రాయడం మొదలుపెట్టారు. నిండుతుండగా ఫోన్ మోగింది. పైవాళ్ళు. ఒక్క నిమిషం అని వేలు చూపించి కిటికీ దగ్గరికి వెళ్ళారు. నాలుగూ ముప్పై ఏడు. నలభై. అనుమానం కాఫీ తెచ్చాడు, ఇద్దరం తాగలేదు. ఆయన కంప్యూటర్‌ని నేను ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఆమోదం చెల్లదు, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, ఎదురుగా తెర మీద ఆ వాక్యాలు చూస్తూ, నలభై నాలుగు, నలభై ఆరు, అక్క ఈ పాటికి వార్డులో ఎవరి మంచం దగ్గరో నిలబడి మనసులో ఇలాగే లెక్కపెట్టుకుంటూ ఉంటుంది, నలభై ఏడున్నరకి తెర నల్లబడింది. సార్ పరుగులాంటి నడకతో వచ్చి, పాస్‌వర్డ్ కొట్టి, ఖాళీ గడి చూశారు. ఈ పేజీ కూడా మాదే. మా పేజీలన్నిటికీ తలుపు ఒకటే, ఆ తలుపు నేను పెట్టిందే.

ఆ ఖాళీ గడి మీంచి కళ్ళు తిప్పి నా వైపు చూశారు.

"వాళ్ళకి రోజూ ఇలాగే అవుతుందా?"

"రోజూ కాదు సార్. పేషెంట్ పిలిచినప్పుడల్లా."

ఈసారి ఆయన ఆలోచించలేదు, చక్కటి వాక్యాల జోలికి పోలేదు. నేను భుజం మీంచి చదివాను. దీన్ని తుడిచెయ్యమని పంతొమ్మిదేళ్ళ కిందట చెప్పింది నేను, అప్పుడు ఆ అమ్మాయి సరిగ్గానే అడిగింది, నేనే తప్పు చెప్పాను, ఇప్పుడు సరిచేసి తెచ్చింది, నాలుగు రోజులు పరీక్షించారు, ఇంక ఒక్కరోజు కూడా ఆపడం న్యాయం కాదు. నొక్కారు. ఇంకా పదకొండు అక్షరాలు తక్కువని ఎర్రగా వచ్చింది. దయచేసి, దయచేసి, దయచేసి అని మూడుసార్లు కలిపారు. నాలుగూ యాభై ఆరు. తీసుకుంది. అనుమానం చల్లారిపోయిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. సార్ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు, నేను థాంక్స్ చెప్పబోతే రెండు వేళ్ళు చూపించారు, ఈసారి రెండు నిమిషాలూ నిజంగానే కళ్ళు మూసుకుని అలాగే ఉన్నారు.

ఐదూ పదికి అక్కకి ఫోన్ చేశాను.

"ఏమైందే, ఈ వేళప్పుడు?" గొంతులో కంగారు.

"ఏం కాలేదు. నోట్సు రాస్తున్నావా? ఒకసారి బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళు."

"వార్డులోంచా?"

"కంప్యూటర్‌లోంచి."

"అలా చెప్పు. నిజంగానే లేచాను." మీటల చప్పుడు, రెండు వేళ్ళతో కొడుతుంది, ఒక్కో అక్షరానికీ ఒక్కో నమస్కారం. "వెళ్ళాను. ఏముంది ఇందులో? ఎప్పటిలాగే ఉంది. ఉండు, ఇది పూర్తిచేసి మాట్లాడతాను." నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని వింటున్నాను, తనలో తాను చదువుకుంటూ కొడుతోంది, జ్వరం తగ్గింది, ఆకలి లేదు, దిండు ఎత్తు... అక్కడ ఎవరో సిస్టర్ అని పిలిచారు. అక్క ఫోన్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది, ఆపలేదు. అడుగులు దూరమయ్యాయి, మరీ దూరం కాదు. ఒక ముసలావిడ గొంతు, రేపు ఆపరేషన్ అట, "నాకు మళ్ళీ తెలివొస్తుందా సిస్టర్?" అంటోంది. "ఎందుకు రాదు? వచ్చాక మొదట నన్నే తిడతారు, దాహమేస్తుంటే నీళ్ళివ్వలేదని," అక్క గొంతు. ఆవిడ నవ్వలేదు. ఏదో చెబుతోంది, నాకు అందడం లేదు, అక్క ఊఁ కొడుతోంది, ఆ ఊఁ నాకు తెలుసు, బల్ల కింద కూర్చుని నేను బడి కబుర్లు చెబితే అదే ఊఁ. గోడ మీద గడియారం చూశాను. ఏడు నిమిషాలు. తొమ్మిది. "వస్తానమ్మా, నోట్సు సగంలో ఉంది," అంది అక్క. "కాసేపు ఉండమ్మా," అంది ఆవిడ. అక్కకి తెలుసు, ఇంకో నిమిషం ఉంటే అంతా పోతుందని. రెండేళ్ళుగా తెలుసు. ఉండిపోయింది. పది. పదకొండు. రెండేళ్ళూ ఇలాగే ఉండిపోయి ఉంటుంది, నేను పోయిన నోట్సు లెక్కే విన్నాను గానీ, ఎవరి దగ్గర ఉండిపోవడం వల్ల పోయాయో ఎప్పుడూ అడగలేదు. పద్నాలుగో నిమిషంలో అడుగులు దగ్గరయ్యాయి.

"ఉన్నావా ఇంకా? చూడు, మూసేసింది. మళ్ళీ మొదటికొచ్చింది."

"పాస్‌వర్డ్ కొట్టక్కా."

"కొడితే ఏముంటుందే, ఖాళీ."

"కొట్టు."

కొట్టింది. ఒక అక్షరం తప్పు కొట్టినట్టుంది, తిట్టుకుని మళ్ళీ కొట్టింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. అనుమానం నా మొహం చూస్తూ లేచి నిలబడ్డాడు.

"ఒసేయ్," అంది అక్క.

"ఊఁ."

"ఉందే. దిండు ఎత్తు దగ్గర ఆపాను, దిండు ఎత్తు దగ్గరే ఉంది."

అనుమానం వైపు తల ఊపాను, అతను మొదటిసారి దేన్నో నమ్మినట్టు గోడకి ఆనుకున్నాడు. అక్క అటువైపు కిందికీ పైకీ చూసుకుంటున్నట్టుంది, జ్వరం ఉంది, ఆకలి ఉంది, అంతా ఉంది అంటోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"అక్కా, అప్పుడు తుడిచెయ్యడం రాసింది నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో. మొన్నటిదాకా ఫారంలో తెలియదని రాశాను, అందుకే ఇంకా ఆలస్యమైంది."

మీటల చప్పుడు ఆగింది.

"నువ్వా?"

"నేనే."

"అంటే రెండేళ్ళ నుంచీ నేను తిడుతున్నది నిన్నా?"

"అవును."

అక్క గట్టిగా ఊపిరి తీసుకుంది. "ముందే చెప్పాలి కదే! ఎవరో పరాయివాళ్ళు, ఏ తల్లి కన్న బిడ్డో అని మర్యాదగా తిట్టాను. నువ్వని తెలిస్తే సరిగ్గా తిట్టేదాన్ని."

నేను నవ్వుతున్నాను, కళ్ళు తుడుచుకుంటున్నాను, రెండూ ఒకే చేత్తో. అక్క మాత్రం అప్పటికే పనిలో పడింది, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి కొట్టుకుంటూ పోయింది, చివర్న గట్టిగా ఒక్క మీట నొక్కిన చప్పుడు. ఐదూ ముప్పై ఐదు. డ్యూటీ అయిపోయి ఐదు నిమిషాలు.

"అయిపోయిందే," అంది, నమ్మకం లేనట్టు. "అందరివీ అయిపోయాయి. ఇంక ఇంటికెళ్ళిపోవచ్చా?"

ముప్పై ఐదేళ్ళ సర్వీసున్న మనిషి నన్ను అడుగుతోంది.

"వెళ్ళక్కా. నేనూ బయల్దేరుతున్నాను."

"ఆఁ," అంది గానీ, కుర్చీలోంచి లేచినట్టు లేదు. కాసేపటికి గొంతు తగ్గించి, "నువ్వు వెళ్ళి ఉండు. ఆవిడ ఇందాకటి నుంచీ ఇటే చూస్తోంది పాపం, భయంగా ఉన్నట్టుంది. ఎలాగూ గంట మిగిలింది కదా," అంది.

ఈసారి కూడా ఫోన్ ఆపడం మర్చిపోయింది. వార్డు నేల మీద కుర్చీ లాక్కెళ్ళి మంచం పక్కన వేసుకున్న చప్పుడు వినిపించింది.